టాస్ కాదు.. మొదటి 6 ఓవర్లే అసలు లెక్క! సన్‌రైజర్స్ ఫైనల్‌పై సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో హాట్ హాట్ చర్చ

ఐపీఎల్ 2024 ఫైనల్‌కు ఇక కొన్ని గంటలే టైమ్. ఇవాళ, అంటే మే 26 ఆదివారం రాత్రి 7.30 గంటలకు చెన్నై చెపాక్ స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్, కోల్‌కతా నైట్ రైడర్స్ తలపడుతున్నాయి. మ్యాచ్ చెన్నైలో అయినా వేడి మాత్రం ఉమ్మడి నల్గొండ జిల్లాలో గట్టిగానే కనిపిస్తోంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.. ఏ టీ కొట్టు దగ్గర నలుగురు నిలబడ్డా ఒకటే ముచ్చట. టాస్ గెలిస్తే ఏం తీసుకోవాలి? స్టార్క్ మొదటి ఓవర్ ఎవరు ఆడాలి? కొట్టుడే కొట్టుడా, లేక కాస్త చూసి ఆడాలా?

ఈ 3 పట్టణాల్లో ఈ ఆదివారం మామూలు ఆదివారం కాదు. తెల్లారితే సోమవారం వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక పోలింగ్. బరిలో 52 మంది అభ్యర్థులు, సుమారు 4.6 లక్షల మంది ఓటర్లు. ఎన్నికల నిబంధనల ప్రకారం పోలింగ్‌కు ముందు 48 గంటలు వైన్ షాపులు బంద్. పైగా రోహిణి కార్తె ఎండలు. మే 13న ఓటేసిన లోక్‌సభ ఎన్నికల ఫలితం జూన్ 4 దాకా తెలియదు. దాంతో జోస్యాలకు అలవాటు పడిన నోళ్లన్నీ ఇప్పుడు క్రికెట్ వైపు తిరిగాయి.

మరి అభిమానులు చెబుతున్న లెక్కల్లో ఏది నిలుస్తుంది? ఏది తేలిపోతుంది? ఈ సీజన్ రికార్డులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

అట్టడుగు నుంచి ఫైనల్ దాకా

ముందు ఈ ఫైనల్‌కు ఎందుకింత హడావుడో గుర్తు చేసుకోవాలి. 2023లో సన్‌రైజర్స్ 10 జట్లలో 10వ స్థానం. 14 మ్యాచుల్లో గెలిచింది నాలుగే. అదే జట్టు ఈసారి 17 పాయింట్లతో లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచింది.

అదీ మామూలుగా కాదు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబైపై 277. ఏప్రిల్ 15న బెంగళూరుపై 287, ఐపీఎల్ చరిత్రలోనే అతిపెద్ద స్కోరు. ఏప్రిల్ 20న ఢిల్లీపై పవర్‌ప్లేలోనే వికెట్ పడకుండా 125, టీ20 క్రికెట్‌లో ప్రపంచ రికార్డు. మే 8న లక్నో ఇచ్చిన 166 పరుగుల టార్గెట్‌ను 9.4 ఓవర్లలోనే ఊదేశారు. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. ఇద్దరూ నాటౌట్.

ఆ ఊచకోత చూసే తెలుగు ఫ్యాన్స్ వీళ్లకు 'సలార్' సినిమా నుంచి 'కాటేరమ్మ కొడుకులు' అని పేరు తగిలించారు. నిరుడు నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ ఫైనల్లో 137 కొట్టి మన ఆశలపై నీళ్లు చల్లింది ఇదే హెడ్. ఆ రోజు స్టేడియం మొత్తాన్ని సైలెంట్ చేసిన కెప్టెన్ ఇదే కమిన్స్. ఆరు నెలల కింద తిట్టుకున్న వాళ్లే ఇవాళ మనోళ్లు అయిపోయారు. ఐపీఎల్ అంటే ఇదే మరి!

అయితే ఎదురుగా ఉన్నది కోల్‌కతా. లీగ్‌లో 20 పాయింట్లతో టాప్. ఈ సీజన్‌లో సన్‌రైజర్స్‌తో రెండుసార్లు ఆడి రెండుసార్లూ గెలిచింది. మొత్తంగా చూసినా రెండు జట్ల మధ్య 27 మ్యాచుల్లో 18 కోల్‌కతావే, సన్‌రైజర్స్‌వి 9. అందుకే మన దగ్గర చర్చలో ఎంత జోష్ ఉందో అంత గుబులు కూడా ఉంది.

లెక్క నంబర్ 1: టాస్ గెలిస్తే బ్యాటింగా? బౌలింగా?

సూర్యాపేటలో హైదరాబాద్-విజయవాడ బస్సులు ఆగే హోటళ్ల దగ్గర ఎక్కువగా వినిపిస్తున్న వాదన ఇదే. ఒక వర్గం మాట సింపుల్: సన్‌రైజర్స్ పెద్ద స్కోర్లన్నీ ముందు బ్యాటింగ్ చేసినప్పుడే వచ్చాయి. 277, 287, ఢిల్లీపై 266.. మూడూ మొదటి ఇన్నింగ్సే. కాబట్టి కళ్లు మూసుకుని బ్యాటింగ్ తీసుకోవాలి.

ఇంకో వర్గం ఒప్పుకోవడం లేదు. రాత్రి పూట మంచు పడితే బంతి చేతిలో జారుతుంది, స్పిన్నర్లకు పట్టు దొరకదు, కాబట్టి ఛేజింగే మేలు అనేది వీళ్ల పాయింట్.

రికార్డు ఏం చెబుతోంది? ఏప్రిల్ 28న ఇదే చెపాక్‌లో చెన్నైపై కమిన్స్ టాస్ గెలిచాడు. మంచును నమ్మి బౌలింగ్ తీసుకున్నాడు. చెన్నై 212 కొట్టింది, సన్‌రైజర్స్ 134కే ఆలౌట్. 78 పరుగుల తేడాతో ఓటమి. మే 21న అహ్మదాబాద్‌లో క్వాలిఫయర్-1. మళ్లీ కమిన్స్‌దే టాస్. ఈసారి బ్యాటింగ్ తీసుకున్నాడు. 159 ఆలౌట్. కోల్‌కతా 13.4 ఓవర్లలోనే 8 వికెట్ల తేడాతో గెలిచేసింది.

ఇక మొన్న శుక్రవారం, మే 24న చెపాక్‌లోనే క్వాలిఫయర్-2. టాస్ రాజస్థాన్‌ది. సంజూ శాంసన్ మంచు వస్తుందని బౌలింగ్ ఎంచుకున్నాడు. మంచు రాలేదు. బంతి తిరిగింది. సన్‌రైజర్స్ 175 కొట్టి 36 పరుగుల తేడాతో గెలిచింది.

అంటే ఈ మూడు మ్యాచుల్లో టాస్ గెలిచిన రెండుసార్లూ ఓడారు, టాస్ ఓడినసారి గెలిచారు. ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంకో విషయం తేలుతుంది. హైదరాబాద్ పేరుతో ఇప్పటిదాకా 3 ఐపీఎల్ ఫైనల్స్ ఆడారు. మూడింటిలోనూ ముందు బ్యాటింగే. 2009లో జోహన్నెస్‌బర్గ్‌లో డెక్కన్ ఛార్జర్స్ 143 మాత్రమే కొట్టి 6 పరుగుల తేడాతో కప్పు కొట్టింది. 2016లో బెంగళూరులో సన్‌రైజర్స్ 208 కొట్టి 8 పరుగుల తేడాతో గెలిచింది. 2018లో ముంబైలో 178 కొడితే షేన్ వాట్సన్ ఒక్కడే 117 నాటౌట్‌తో మ్యాచ్ లాగేసుకున్నాడు.

143 సరిపోయింది, 178 సరిపోలేదు. కాబట్టి ముందు బ్యాటింగా, తర్వాతా అన్నది ఒక్కటే ఫైనల్‌ను తేల్చదు. ముందు బ్యాటింగ్ చేస్తే స్కోర్ బోర్డు ఒత్తిడి ఎదుటోడి మీద పడుతుంది, అది నిజమే. కానీ టాస్ దగ్గరే మ్యాచ్ అయిపోయినట్టు గొడవ పడాల్సినంత సీన్ లేదు.

లెక్క నంబర్ 2: స్టార్క్ మొదటి ఓవర్ ఎవరికి?

చర్చలో అసలు మంట ఇక్కడే ఉంది. మిచెల్ స్టార్క్ ధర 24.75 కోట్లు. 2024 సీజన్ నాటికి ఐపీఎల్ చరిత్రలో అత్యంత ఖరీదైన ఆటగాడు. కమిన్స్ ధర 20.50 కోట్లు. కప్పు గెలిచిన జట్టుకు వచ్చే ప్రైజ్ మనీయే 20 కోట్లు! అంటే ఇద్దరిలో ఏ ఒక్కడి రేటైనా కప్పు డబ్బుల కన్నా ఎక్కువే. లీగ్ దశలో స్టార్క్ బాగా తన్నులు తిన్నాడు. మార్చి 23న ఈడెన్ గార్డెన్స్‌లో సన్‌రైజర్స్‌పైనే 4 ఓవర్లలో 53 ఇచ్చాడు. ఇన్ని కోట్లు దండగ అని అప్పట్లో మీమ్స్ కూడా పడ్డాయి.

కానీ క్వాలిఫయర్-1లో సీన్ రివర్స్. ఇన్నింగ్స్ రెండో బంతికే హెడ్‌ను క్లీన్‌బౌల్డ్ చేశాడు. ఆ తర్వాత నితీశ్ కుమార్ రెడ్డి, షాబాజ్ అహ్మద్‌లను వరుస బంతుల్లో పంపించాడు. 39 పరుగులకే 4 వికెట్లు. మ్యాచ్ అక్కడే సగం అయిపోయింది.

అందుకే మిర్యాలగూడ కుర్రాళ్లలో ఇప్పుడు బాగా నడుస్తున్న ఐడియా: మొదటి బంతి హెడ్ కాదు, అభిషేక్ ఆడాలి. ఇదేదో టైమ్‌పాస్ మాట కాదు. దీని వెనక లెక్క ఉంది. మే 19న ఉప్పల్‌లో పంజాబ్‌పై మొదటి బంతికే హెడ్ బౌల్డ్. వేసింది అర్ష్‌దీప్ సింగ్, ఎడమచేతి పేసర్. క్వాలిఫయర్-1లో రెండో బంతికి బౌల్డ్. వేసింది స్టార్క్, అతనూ ఎడమచేతి పేసరే. రెండు డకౌట్లూ ఒకే తరహా. కొత్త బంతిని ఎడమచేతి పేసర్ వేస్తుంటే, కాళ్లు కదలకముందే బ్యాట్ ఊపే హెడ్‌కు ఇబ్బంది ఉందని కళ్లకు కడుతోంది.

అయితే అభిషేక్‌ను ముందు పంపితే సమస్య తీరుతుందా? అదంత ఈజీ కాదు. అతనూ ఎడమచేతి బ్యాటరే, అతనిదీ మొదటి బంతి నుంచే బాదే స్టైలే. క్వాలిఫయర్-1లో 3 పరుగులకే వెనుదిరిగాడు. క్వాలిఫయర్-2లో 12 కొట్టి బౌల్ట్‌కు దొరికిపోయాడు. బౌల్ట్ కూడా ఎడమచేతి పేసరే అన్నది మర్చిపోవద్దు. కాబట్టి ఎవరు ముందు అన్నదాని కన్నా, మొదటి రెండు ఓవర్లు ఎలా అన్నదే అసలు ప్రశ్న.

లెక్క నంబర్ 3: కొట్టుడా.. ఆగుడా?

ఇక్కడ అభిమానులు నిలువునా రెండుగా చీలిపోయారు.

మొదటి బ్యాచ్: "కొట్టుడు ఆపితే మన టీమ్ మన టీమే కాదన్నా!" వీళ్ల వాదనలోనూ బలం ఉంది. హెడ్ ఈ సీజన్‌లో 567 పరుగులు, అభిషేక్ 482. అభిషేక్ స్ట్రైక్ రేట్ 200 పైనే. ఈ జట్టు ఫైనల్ దాకా వచ్చిందే ఆ ధైర్యంతో. భయపడి ఆడితే మిడిల్ ఆర్డర్ మీద భారం పడుతుంది. ఆ మిడిల్ ఆర్డర్‌లో క్లాసెన్‌ను తీసేస్తే నిలకడగా ఆడేవాళ్లు తక్కువే.

రెండో బ్యాచ్: "ఉప్పల్ వేరు, చెపాక్ వేరు తమ్ముడూ. అక్కడ 250 కొడదామని పోతే 130కి ముడుచుకుంటం." వీళ్ల దగ్గరా సాక్ష్యం ఉంది. ఏప్రిల్ 28న చెపాక్‌లో సన్‌రైజర్స్ 134. ఆ మాటకొస్తే ఏప్రిల్ 8న అదే గ్రౌండ్‌లో కోల్‌కతా కూడా చెన్నైపై 20 ఓవర్లు ఆడి 137 మాత్రమే కొట్టింది. ఫైనల్ ఆడుతున్న రెండు జట్లనూ ఈ సీజన్‌లో చెపాక్ ఇలా కట్టిపడేసింది.

ఎవరు కరెక్ట్? క్వాలిఫయర్-2 స్కోర్ కార్డు చూస్తే ఇద్దరిలోనూ సగం సగం నిజం ఉంది. ఆ రోజు బౌల్ట్ పవర్‌ప్లేలోనే 3 వికెట్లు తీశాడు. అయినా సన్‌రైజర్స్ కుప్పకూలలేదు. రాహుల్ త్రిపాఠి 15 బంతుల్లో 37 కొట్టి స్కోరును పరుగెత్తించాడు. అది కొట్టుడు బ్యాచ్ పాయింట్. ఆ తర్వాత హెడ్ తన స్టైల్‌కు విరుద్ధంగా 28 బంతుల్లో 34 ఆడాడు. క్లాసెన్ 34 బంతుల్లో 50తో ఇన్నింగ్స్‌ను చివరి దాకా మోశాడు. అది ఆగుడు బ్యాచ్ పాయింట్. మొత్తం 175. ఈ సీజన్ సన్‌రైజర్స్ లెక్కలో చిన్న స్కోరే. కానీ ఆ పిచ్‌పై అదే కొండంత అయింది.

ఇక్కడే ఫైనల్ కీలకం ఉంది. ఇన్నాళ్లూ సన్‌రైజర్స్‌కు గెలవడానికి ఒకటే దారి: మొదటి 6 ఓవర్లలోనే ఎదుటోడిని చావగొట్టడం. శుక్రవారం రెండో దారి దొరికింది: 170-175 కొట్టి స్పిన్‌తో ఉక్కిరిబిక్కిరి చేయడం. ఇవాళ ఏ దారి పట్టాలో మొదటి 2 ఓవర్లలోనే పిచ్‌ను చూసి తేల్చుకోవాలి. అలవాటు కొద్దీ పాత దారిలోనే దూసుకెళ్తే మళ్లీ 39 పరుగులకు 4 వికెట్ల పరిస్థితి రావచ్చు.

సింపుల్‌గా చెప్పాలంటే, పవర్‌ప్లే అయ్యేసరికి స్కోరు కాదు, వికెట్ల గడి చూడాలి. చెపాక్‌లో 1 వికెట్‌కు 50 అనేది 3 వికెట్లకు 65 కన్నా మంచి స్కోరు. క్లాసెన్ 12వ ఓవర్ తర్వాత వస్తే ఒక రకం, 5వ ఓవర్లోనే రావాల్సి వస్తే ఇంకో రకం. ఈడెన్‌లో మార్చి 23న 18, 19 ఓవర్లలో 47 పరుగులు వచ్చాయంటే అక్కడ క్లాసెన్ ఉన్నాడు కాబట్టే. 29 బంతుల్లో 63. ఆ మ్యాచ్ 4 పరుగుల తేడాతో ఓడారు గానీ, చివర్లో క్లాసెన్ ఉంటే ఏం జరుగుతుందో కోల్‌కతాకు బాగా తెలుసు.

అంటే స్టార్క్‌ను చూసి ఆడి, మిగతా పేసర్ల మీద పడాలి. కొట్టుడు ఆపాల్సిన పని లేదు, ఎవర్ని కొట్టాలో ఎంచుకుంటే చాలు.

లెక్క నంబర్ 4: స్పిన్ ఎవరికి ప్లస్?

పేపర్ మీద చూస్తే స్పిన్‌లో కోల్‌కతాదే పైచేయి. సునీల్ నరైన్ బ్యాట్‌తో 480కి పైగా పరుగులు, బంతితో 16 వికెట్లు. ఓపెనర్‌గా వచ్చి బాదుతాడు, తర్వాత బంతి పట్టుకుని కట్టేస్తాడు. వరుణ్ చక్రవర్తి 20 వికెట్లు. పైగా అతనిది తమిళనాడు, చెపాక్ అతనికి ఇంటి పెరడు లాంటిది.

మరి మనకు? శుక్రవారం ముందు వరకూ ఇదే ప్రశ్న వేస్తే ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఇంపాక్ట్ ప్లేయర్‌గా వచ్చిన షాబాజ్ అహ్మద్ 23 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. సీజన్‌లో పెద్దగా బౌలింగే చేయని అభిషేక్ 4 ఓవర్లలో 24 ఇచ్చి 2 వికెట్లు తీశాడు. రాజస్థాన్ 139 దగ్గర ఆగిపోయింది.

దీంతో నాలుగో విదేశీ ఆటగాడు ఎవరన్న చర్చ కూడా మొదలైంది. హెడ్, క్లాసెన్, కమిన్స్ ఖాయం. క్వాలిఫయర్-1లో శ్రీలంక లెగ్ స్పిన్నర్ విజయకాంత్ వియస్కాంత్ ఆడాడు. క్వాలిఫయర్-2లో అతని ప్లేస్‌లో మార్క్‌రమ్ వచ్చి ఒక్క పరుగుకే ఔటయ్యాడు. మార్క్‌రమ్‌ను పక్కన పెట్టాలని కొందరు, గెలిచిన టీమ్‌ను కదిలించొద్దని ఇంకొందరు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. చెపాక్‌లో నల్లమట్టి పిచ్‌లూ ఉన్నాయి, ఎర్రమట్టి పిచ్‌లూ ఉన్నాయి. నల్లమట్టి అయితే బంతి ఆగి వస్తుంది, స్పిన్నర్లు పండగ చేసుకుంటారు. ఎర్రమట్టి అయితే బౌన్స్ ఎక్కువ, పేసర్లకు ఊపు, నిలబడితే బ్యాటర్లకూ పరుగులు. శుక్రవారం షాబాజ్ చేసింది ఇవాళ మళ్లీ జరగాలంటే పిచ్ కూడా సహకరించాలి. కాబట్టి టాస్ కన్నా ముందు పిచ్ రిపోర్ట్ చూడండి. అందులోనే సగం సమాధానం ఉంటుంది.

కోదాడలో 'రెండో ప్రాధాన్యత' ఓట్లు!

కోదాడ దాటితే ఆంధ్రా. అందుకే అక్కడ చర్చకు ఇంకో రంగు ఉంది. సన్‌రైజర్స్ తుది జట్టులో తెలుగు కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, విశాఖపట్నం వాడు. ఏప్రిల్ 9న పంజాబ్‌పై 37 బంతుల్లో 64, మే 2న రాజస్థాన్‌పై 42 బంతుల్లో 76 నాటౌట్. ఆ రాజస్థాన్ మ్యాచ్‌లోనే చివరి బంతికి భువనేశ్వర్ వికెట్ తీసి ఒక్క పరుగుతో గెలిపించాడు. 'హైదరాబాద్ టీమ్‌లో మనోళ్లే లేరు' అనే పాత ఫిర్యాదుకు నితీశ్ ఒక్కడే ఇప్పుడు జవాబు. బార్డర్‌కు ఇటూ అటూ అతని పేరు చెబితే ఈలలే.

మరోవైపు కోహ్లీ ఫ్యాన్స్, ధోనీ ఫ్యాన్స్ సంగతి. బెంగళూరు మే 22న ఎలిమినేటర్‌లో రాజస్థాన్ చేతిలో ఓడి ఇంటికి వెళ్లింది. చెన్నై ప్లేఆఫ్స్‌కే రాలేదు. మరి వీళ్ల సపోర్ట్ ఎవరికి? పట్టభద్రుల ఎన్నికల్లో 1, 2, 3 అని ప్రాధాన్యత ఓట్లు వేస్తారు కదా. మొదటి ప్రాధాన్యత అభ్యర్థి ఎలిమినేట్ అయితే రెండో ప్రాధాన్యత లెక్కలోకి వస్తుంది. ఇక్కడా అంతే. మొదటి ఓటు కోహ్లీకో ధోనీకో వేసినోళ్లలో చాలామంది రెండో ఓటు ఇప్పుడు ఆరెంజ్ జెర్సీకే పడుతోంది. సొంతూరి సెంటిమెంట్ అలాంటిది.

చరిత్ర భయపెడుతోందా? ధైర్యం చెబుతోందా?

కోల్‌కతా గెలుస్తుందనే వాళ్ల చేతిలో బలమైన ఆయుధం ఒకటుంది. 2018 నుంచి 2023 దాకా వరుసగా 6 సీజన్లలో క్వాలిఫయర్-1 గెలిచిన జట్టే కప్పు కొట్టింది. 2018లో క్వాలిఫయర్-1 ఓడి, క్వాలిఫయర్-2లో కోల్‌కతాను ఓడించి ఫైనల్‌కు వెళ్లింది సన్‌రైజర్సే. ఫైనల్లో అదే చెన్నై చేతిలో మళ్లీ ఓడింది. పైగా కోల్‌కతా తన మొదటి కప్పు కొట్టింది 2012లో, ఇదే చెపాక్‌లో.

అయితే రెండో పక్క కూడా చూడాలి. 2013లో ముంబై క్వాలిఫయర్-1లో చెన్నై చేతిలో ఓడి, ఫైనల్లో అదే చెన్నైని ఓడించింది. 2017లోనూ అంతే. క్వాలిఫయర్-1లో పుణె చేతిలో ఓడిన ముంబై, ఫైనల్లో కేవలం 129 కొట్టి ఒక్క పరుగుతో గెలిచింది. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడో కాదు, మన ఉప్పల్‌లోనే. ఇక 2016లో సన్‌రైజర్స్ మూడో స్థానం నుంచి ఎలిమినేటర్ ఆడి, అందులో కోల్‌కతానే ఓడించి, చివరికి కప్పు దాకా వెళ్లింది.

ఇంకో పాయింట్. ఫైనల్‌కు ముందు కోల్‌కతా చెపాక్‌లో ఈ సీజన్‌లో ఆడింది ఒక్కటే, అదీ ఓడింది. మే 13న, మే 19న వాళ్ల మ్యాచులు వానకు కొట్టుకుపోయాయి. గత రెండు వారాల్లో కోల్‌కతా పూర్తిగా ఆడింది ఒక్క క్వాలిఫయర్-1 మాత్రమే. సన్‌రైజర్స్ మాత్రం రెండు రోజుల కిందే ఈ గ్రౌండ్‌లో ఆడి గెలిచి కూర్చుంది. అలసట అంటారా, అలవాటు అంటారా.. చూసే కళ్లను బట్టి.

జోస్యం నోటితోనే.. ఫోన్‌పేతో వద్దు!

ఇంతవరకూ సరదా. ఇక అసలు సీరియస్ విషయం. ఫైనల్ రోజంటే బెట్టింగ్ ముఠాలకు పండగ. ఒకవైపు జూన్ 4 ఫలితాలపై పందేలు, ఇంకోవైపు ఐపీఎల్. టీ కొట్టు దగ్గర 'ఎవరు గెలుస్తారు' అనే మాట, 'ఎంత పెడతావ్' అనే మాటగా మారడానికి నిమిషం పట్టదు.

తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం. గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నేరం కిందకు తెచ్చారు. యాప్ పేరు ఏదైనా, 'పక్క రాష్ట్రం ఐడీ' అని చెప్పినా, ఇక్కడ కూర్చుని పందెం కాస్తే కేసు ఇక్కడే.

చట్టం పక్కన పెట్టినా, ఫోన్‌లో మ్యాచ్ చూసేవాళ్లు ఒక విషయం ఆలోచించాలి. పక్కింటి టీవీలో అరుపు వినిపించిన కొన్ని సెకన్లకు మీ ఫోన్‌లో సిక్స్ పడుతుంది. నెట్ స్లో అయితే ఇంకా ఆలస్యం. అంటే మీ ఫోన్‌లో బౌలర్ పరుగెత్తుకొస్తున్న టైమ్‌కు చెపాక్‌లో ఆ బంతి ఎప్పుడో అయిపోయింది. మరి 'ఈ బంతికి ఏమవుతుంది' అని బంతి బంతికీ పందెం కాయించేవాడికి ఆ ఫలితం మీకన్నా ముందే తెలిసే ఛాన్స్ ఉంది కదా? అయిపోయిన బంతి మీద మీరు డబ్బు పెడుతున్నట్టు. అది జోస్యం కాదు, ముందే ఓడిపోయిన ఆట.

పైన చెప్పిన రికార్డులన్నీ మళ్లీ చూడండి. టాస్ గెలిచి ఓడారు, ఓడి గెలిచారు. 143 సరిపోయింది, 178 చాలలేదు. 24.75 కోట్ల బౌలర్ ఒకరోజు 53 ఇచ్చాడు, ఇంకోరోజు మ్యాచ్ తిప్పేశాడు. ఆటను ఏళ్ల తరబడి చూసే కెప్టెన్లకే అంతు చిక్కని దాని మీద కాలేజీ ఫీజు, ధాన్యం అమ్మిన డబ్బు, ఇంటి కిస్తీ పెట్టడం ఎంతవరకు కరెక్ట్? యాప్‌ల ఉచ్చులో డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అప్పులతో మనసు బాగోలేదంటే 14416 టెలీ మానస్ నంబర్ 24 గంటలూ పనిచేస్తుంది. ఇంట్లో చెప్పలేని మాట అక్కడ చెప్పుకోవచ్చు.

రాత్రి మ్యాచ్‌కు ముందు ఇవి గుర్తుంచుకోండి

రాత్రి 7 గంటలకు టాస్, 7.30కి మొదటి బంతి. స్టార్ స్పోర్ట్స్ తెలుగులోనూ, ఫోన్‌లో జియో సినిమాలోనూ తెలుగు కామెంటరీతో లైవ్. శనివారం సాయంత్రం చెన్నైలో చినుకులు పడి కోల్‌కతా ప్రాక్టీస్‌కు బ్రేక్ పడింది. బంగాళాఖాతంలో ఉన్న రెమాల్ తుపాను మాత్రం బెంగాల్, బంగ్లాదేశ్ తీరం వైపు వెళ్తోంది. ఒకవేళ ఇవాళ వాన అడ్డుపడితే సోమవారం రిజర్వ్ డే ఉంది. సోమవారం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా ఇక్కడ ఎమ్మెల్సీ పోలింగ్. కాబట్టి పట్టభద్రులు ముందు ఓటేసి, తర్వాత మ్యాచ్ సంగతి చూసుకోవచ్చు.

ఇక చివరి మాట. ఎవరు ఫేవరెట్ అంటే కాగితం మీద కోల్‌కతానే. రెండుసార్లు ఓడించారు, స్పిన్ బలం ఉంది, స్టార్క్ సరైన టైమ్‌లో ఫామ్‌లోకి వచ్చాడు. సన్‌రైజర్స్‌కు ఛాన్స్ ఉన్నది ఒకే షరతు మీద: మొదటి 6 ఓవర్లలో ఒకటికి మించి వికెట్లు పోకూడదు. ఆ గీత దాటకుండా ఉంటే క్లాసెన్ ఉన్నాడు, త్రిపాఠి ఉన్నాడు, 175 వస్తుంది. 175 వస్తే షాబాజ్, నటరాజన్, కమిన్స్ ఉన్నారు. 8 ఏళ్ల తర్వాత కప్పు ఉప్పల్‌కు రావచ్చు. ఆ గీత దాటితే మాత్రం అహ్మదాబాద్ కథే చెన్నైలో రిపీట్ కావచ్చు.

సరిగ్గా 8 గంటలకు స్కోర్ బోర్డు చూడండి. పరుగుల గడి కాదు, పక్కనున్న వికెట్ల గడి.